ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలా? తొమ్మిదేళ్లు అమ్మినవాడి మాట

“రెండేళ్లకి కలిపి 1,800 రూపాయలే సార్. రోజుకి రెండున్నర కూడా పడదు, దానికి కప్పు టీ కూడా రాదు. మూడేళ్లు మీకు ఏ టెన్షనూ ఉండదు.”

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెద్ద షోరూమ్‌లో తొమ్మిదేళ్లు సేల్స్‌లో పనిచేశాను. ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే కంపెనీ వారంటీ అయ్యాక డబ్బిచ్చి కొనుక్కునే పొడిగింపు, అమ్మడానికి ఈ మాట ఎన్ని వేలసార్లు అన్నానో లెక్కలేదు. నిద్రలో లేపి అడిగినా అదే లయలో అప్పజెప్పగలను. ఇప్పుడు ఏడేళ్లుగా మా బావమరిదితో కలిసి బోడుప్పల్‌లో రిపేరు షాపు నడుపుతున్నాను. వాడు ఫ్రిజ్‌లు, ఏసీలు చూసుకుంటాడు. వాషింగ్ మెషిన్లు, ఫోన్లకు జవాబు చెప్పడం, లెక్కలు నావి. కౌంటర్ దగ్గర ఏం చెప్పి అమ్ముతారో తెలుసు, మూడో ఏడు ఏం పాడై మా దగ్గరికి వస్తుందో కూడా తెలుసు. ఆ రెండింటికీ పొంతన తక్కువ.

“అన్నా, కొత్త ఫ్రిజ్ తీస్కుంటున్నం, వారంటీ పెంచుకోవాల్నా వద్దా?” అని షాపుకు వచ్చేవాళ్లు వారంలో ఇద్దరైనా అడుగుతారు. అందరికీ ఒకే జవాబు చెప్పలేను. ఏ వస్తువు, ఇంట్లో ఏ నీళ్లు వస్తాయి, ఆ కాగితం ఎవరు ఇస్తున్నారు అని మూడు ప్రశ్నలు నేనే తిరిగి అడుగుతాను. మీరూ ఆ వరుసలోనే ఆలోచించండి.

కౌంటర్ వెనక లెక్క

ముందు అమ్మేవాడి సంగతి. మా షోరూమ్‌లో ఫ్రిజ్ అమ్మితే మిగిలేది తక్కువ. పక్క షాపువాడు రెండొందలు తగ్గిస్తే మేమూ తగ్గించాలి. వారంటీ ప్లాను మీద అలాంటి పోటీ ఉండదు, ఎందుకంటే కొనేవాళ్లు దాని రేటు ఇంకో చోట అడగరు. అందుకే సాయంత్రం మేనేజర్ “ఎన్ని టీవీలు పోయాయి?” అని అడిగేవాడు కాదు, “ఎన్నిటికి అటాచ్ చేశావ్?” అనేవాడు. ప్లానుకి ఇంత అని నా జేబులోకీ వచ్చేది. నెలాఖరులో టార్గెట్‌కి మూడు తక్కువున్నాయంటే నా గొంతులో ఎంత ప్రేమ వచ్చేదో మీరు చూడాలి.

ఒక ట్రిక్కు చెప్తాను, ఇప్పుడు సిగ్గుగానే ఉంది. కస్టమర్ రేటు తగ్గించమని పట్టుబడితే వస్తువు మీద 1,500 తగ్గించేవాళ్లం. ఆ పక్కనే 1,500కి వారంటీ ప్లాను కలిపి “మొత్తం 42,000, అన్నీ కలిపి” అని ఒకే అంకె చెప్పేవాళ్లం. తగ్గించిన డబ్బు అక్కడికక్కడే మా దగ్గరికి తిరిగొచ్చేది, ఆయన మాత్రం సంతోషంగా వెళ్లేవాడు. కాబట్టి “అన్నీ కలిపి ఎంత” అని అడగకండి. వస్తువు ఎంత, బిగింపు ఎంత, వారంటీ ఎంత అని విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. ప్లాను మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది, అందుకని బిల్లులో అది వేరే వరుసలోనే కనిపించాలి. కనిపించలేదంటే రెండిట్లో ఒకటి: ప్లాను లేదు, లేదంటే మీకు తెలియకుండా ధరలో కలిసిపోయింది.

మీ దగ్గర ఇప్పటికే ఉన్నదేంటి?

పెట్టెలో వచ్చే వారంటీ కార్డు చదివేవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. దాని మీద మామూలుగా ఉండేది ఇదీ: మొత్తం వస్తువుకి ఒక ఏడాది, కంప్రెసర్‌కో మోటారుకో పదేళ్లు. ఈ పదేళ్ల దగ్గరే జనం బోల్తా పడతారు. ఆ పదేళ్లు చాలావరకు విడిభాగానికే. కంప్రెసర్ ఉచితంగా ఇస్తారు. దాన్ని మార్చాక గ్యాస్ నింపాలి, పని చేసినవాడికి కూలి ఇవ్వాలి, ఇంటికొచ్చినందుకు విజిట్ ఛార్జీ ఉంటుంది, కొన్నిసార్లు రవాణా కూడా. “కంప్రెసర్ ఫ్రీ అన్నారు కదా, మరి ఈ నాలుగు వేల బిల్లేంటి?” అని కంపెనీ మెకానిక్ మీద అరిచి, ఆ కోపంతోనే మా షాపుకు వచ్చినవాళ్లున్నారు. మెకానిక్ తప్పేం లేదు, కార్డులో అలాగే రాసి ఉంది.

ఇది రెండు వైపులా పనికొచ్చే సంగతి. ఖరీదైన భాగం పదేళ్లు కంపెనీదే అయినప్పుడు, మీరు అదనంగా కొనే రెండేళ్లలో కాపాడుతున్నది మిగతా చిల్లర భాగాల్నీ కూలినీ మాత్రమే. దానికి ఎంత ఇవ్వొచ్చో మీకే తెలుస్తుంది.

ఇంకో లెక్క సంవత్సరాలది. “మూడేళ్ల వారంటీ” అంటే కంపెనీ ఏడాదితో కలిపి మూడా, అది అయ్యాక ఇంకో మూడా? ఎక్కువసార్లు కలిపే. పండగ ఆఫర్లలో కంపెనీవాళ్లే రెండో ఏడాది ఉచితంగా ఇస్తుంటారు, కొన్నింటికి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. అది చూసుకోకుండా షాపు ప్లాను కొంటే, ఒకే ఏడాదికి ఒకసారి ఉచితంగా, ఒకసారి డబ్బిచ్చి రెండు కాగితాలు ఉంటాయి. ప్లాను ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగుస్తుందో సర్టిఫికెట్‌లో అంకెల్లో ఉండాలి.

కాగితం ఎవరిది?

నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. వస్తువు తయారుచేసిన కంపెనీయే అమ్మే పొడిగింపు ఒక రకం. షాపువాళ్లో, వాళ్లతో ఒప్పందం ఉన్న ఇంకో సంస్థో అమ్మేది ఇంకో రకం. పేరు ఒకటే, బుద్ధులు వేరు.

కంపెనీ పొడిగింపులో రిపేరుకొచ్చేది మొదటి ఏడాది వచ్చినవాడే, వేసేది కంపెనీ సామానే. షాపు ప్లానులో ముందు ఒక కాల్ సెంటర్, అక్కడినుంచి వాళ్ల తాలూకు టెక్నీషియన్, అతని రిపోర్టు, ఆపైన మంజూరు. రిపేరు ఖర్చు ఎక్కువైతే “మీ వస్తువు విలువ ఇప్పుడింత” అని తరుగుదల కట్టి కూపన్ ఇచ్చేస్తారు. ఈ షరతులన్నీ రాసే ఉంటాయి, ఎక్కడో పద్నాలుగో పేజీలో.

మా అక్క టీవీ సంగతి చెప్తే బాగా అర్థమవుతుంది. సైదాబాద్‌లో ఉంటుంది. 2022 దసరాకి 55 అంగుళాల టీవీ, 46,000. ఆ షాపువాళ్ల రెండేళ్ల ప్లాను 3,600. నేను అప్పటికే ఆ ఉద్యోగం మానేశాను, తను నన్ను అడగనూ లేదు. సరిగ్గా ఇరవై ఆరో నెలలో తెర ఎడమవైపు నిలువు గీతలు మొదలయ్యాయి. ఫిర్యాదు చేసిన తొమ్మిదో రోజుకి ఒక కుర్రాడొచ్చాడు. టీవీ ఆపించి, గదిలో లైటు తీయించి, టార్చి ఏటవాలుగా పట్టుకుని తెరని అంగుళం అంగుళం వెతికాడు. కింద మూల ఆవగింజంత మచ్చ దొరికింది. ఫోటో తీసి “ఫిజికల్ డ్యామేజ్, ప్లానులో రాదు” అన్నాడు.

అక్క ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. వెళ్లి చూశాను. దెబ్బ తగిలిన ప్యానెల్ (టీవీ తెర) లోపల సాలెగూడులా పగులు కనిపిస్తుంది, చుట్టూ నల్లగా సిరా ఒలికినట్టు ఉంటుంది. ఇక్కడ పగులే లేదు, గీతలు పై నుంచి కింది దాకా తిన్నగా ఉన్నాయి. అది ప్యానెల్‌కి అతికించిన రిబ్బన్ లాంటి వైరు వదిలేసినప్పుడు వచ్చే జబ్బు. ఆ మచ్చ ఈగది కూడా అయ్యుండొచ్చు, తడిగుడ్డతో తుడిస్తే సగం పోయింది. తుడవకముందు, తుడిచాక ఫోటోలు తీశాం. రెండోసారి తనిఖీ చేయించమని ఈమెయిల్ పెట్టాం, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం. ఐదు వారాలకు దిగొచ్చారు. అయితే ప్యానెల్ దొరకదన్నారు. మూడో ఏట తరుగుదల సగం, అంటే 23,000. అదీ డబ్బు కాదు, ఆ షాపులోనే వాడాల్సిన కూపన్. అక్క ఇంకో 19,000 వేసి కొత్త టీవీ తీసుకుంది.

ఇందులో అక్కకి నష్టం జరిగిందా? నిజం చెప్పాలంటే జరగలేదు. 3,600 పెట్టి 23,000 పొందింది. బయట ఆ ప్యానెల్‌కి నేను అడిగితే 31,000 చెప్పారు. అయితే అమ్మేటప్పుడు చెప్పింది “పాడైతే కొత్తది ఇస్తాం మేడమ్” అని. వచ్చింది సగం, అదీ ఆరు వారాల పోరాటం తర్వాత. తన తమ్ముడు ఈ పనిలో ఉన్నాడు కాబట్టి సరిపోయింది.

కాబట్టి కౌంటర్ దగ్గర అడగాల్సింది ఇదీ: “పాడైతే ఇంటికెవరు వస్తారు? ఏ నంబరుకి ఫోన్ చేయాలి? బాగుచేయలేకపోతే డబ్బిస్తారా, కూపనా, ఏ ఏడాది ఎంత?” చాలామంది సేల్స్ కుర్రాళ్లకి మూడో ప్రశ్నకి జవాబు తెలియదు. నాకూ తెలిసేది కాదు.

ఏ వస్తువుకి ఎలా

మిక్సీ, ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ స్టవ్, కెటిల్, ఫ్యాను: అడగనే అడగకండి. మైక్రోవేవ్, చిమ్నీ కూడా అంతే. గీజర్‌కి ట్యాంకు మీద కంపెనీయే ఏళ్ల తరబడి వారంటీ ఇస్తుంది. పోయేది ఎక్కువగా హీటింగ్ ఎలిమెంట్, థర్మోస్టాట్. మొన్న మా ఇంట్లో ఎలిమెంట్ మారిస్తే 650 అయింది. ఇన్వర్టర్ బ్యాటరీకి కంపెనీ వారంటీ ఎటూ ఉంటుంది, కాకపోతే చివరి నెలలు ప్రో-రేటా, అంటే వాడిన కాలానికి కోసుకుని మిగతాది ఇస్తారు. ఆర్‌ఓ ఫిల్టరుకి అవసరమయ్యేది వారంటీ కాదు, ఏడాది సర్వీసు ఒప్పందం. అందులోనూ మెంబ్రేన్ (నీళ్లని వడకట్టే పొర) కలిసిందా లేదా అన్నదొక్కటే చూడండి.

సింగిల్ డోర్ ఫ్రిజ్‌కి వద్దు. అందులో పాడవడానికి పెద్దగా ఏముంది? థర్మోస్టాట్, రిలే, తలుపు రబ్బరు. ఆ రబ్బరు ప్లానులో రాదు, బల్బు రాదు, లోపలి ప్లాస్టిక్ అరలు రావు. డబుల్ డోర్‌లో మంచు కరిగించే హీటరు, సెన్సరు, లోపలి ఫ్యాను మోటారు పోతుంటాయి, భరించగలిగిన ఖర్చే. ఇన్వర్టర్ ఫ్రిజ్‌లో మాత్రం పీసీబీ, అంటే దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది, అది పోతే వేలల్లో పని. అయినా ఫ్రిజ్ విషయంలో నేను వద్దనే అంటాను. మా షాపుకొచ్చే ఫ్రిజ్‌లు ఎక్కువగా ఏడో ఏడు దాటినవే. మొదట్లో లోపముంటే మొదటి ఏడాదిలోనే బయటపడుతుంది, అది కంపెనీదే బాధ్యత. మీరు కొనే రెండో, మూడో ఏళ్లు దాని ఆరోగ్యం బాగుండే ఏళ్లు.

వాషింగ్ మెషిన్ దగ్గర నీళ్ల సంగతి తేలాలి. మన నగరంలో జలమండలి నీళ్లు వచ్చే ఇల్లు వేరు, బోరు మీదో ట్యాంకరు మీదో నడిచే ఇల్లు వేరు. బాత్రూమ్ బకెట్ లోపల తెల్లటి చార ఉందా, కుళాయి మూతి దగ్గర సున్నం పేరుకుందా చూడండి, పరీక్షలేం అక్కర్లేదు. కిందటి వేసవిలో మా వీధి చివరి అపార్ట్‌మెంట్ నుంచి ఒక ఫ్రంట్ లోడ్ వచ్చింది, నాలుగేళ్లు నిండబోతున్నది. హీటర్ బయటికి లాగితే అది లోహంలా లేదు, సున్నం రాయిలో ముంచి తీసినట్టు ఉంది, స్క్రూడ్రైవర్‌తో కొడితే పెళ్లలు పెళ్లలుగా రాలింది. డ్రమ్ము వెనక ఉండే స్పైడర్, అంటే డ్రమ్ముని మోసే మూడు కాళ్ల అల్యూమినియం భాగం, చెదపురుగు తిన్నట్టు గుంటలు పడి ఒక కాలు విరిగిపోయింది. ఆ మెషిన్ తాలూకు ఇంటావిడ దగ్గర నాలుగేళ్ల ప్లాను ఉంది, ఇంకా మూడు నెలలు గడువుంది కూడా. మా దగ్గరికి రాకముందే వాళ్లకి ఫోన్ చేశారు. వచ్చినవాడు “హార్డ్ వాటర్ స్కేలింగ్” అని రాసి వెళ్లిపోయాడు. ఉప్పు నీటి వల్ల, తుప్పు వల్ల వచ్చే నష్టం వర్తించదని షరతుల్లో ఉంది. ఏ ఇంటికి ఆ ప్లాను ఎక్కువ అవసరమో ఆ ఇంటికే అది పనికిరాలేదు.

బోరు నీళ్ల ఇళ్లకు నా సలహా: ఆ డబ్బుతో సున్నం వదిలించే డీస్కేలింగ్ పౌడర్ కొనుక్కోండి, నెలకోసారి ఖాళీ మెషిన్‌లో వేడి నీళ్లతో తిప్పండి. పైపు దగ్గర చిన్న ఫిల్టర్ పెట్టించండి. సెమీ ఆటోమేటిక్‌కి ప్లాను అక్కర్లేదు, దాని మోటారు, టైమరు ఏ గల్లీలోనైనా బాగుచేస్తారు. మంచి నీళ్లున్న ఇంట్లో ఫ్రంట్ లోడ్ అయితే కంపెనీ పొడిగింపు తీసుకోవచ్చు, దాని బోర్డు, డోర్ లాక్, పంపు అన్నీ ఖరీదే.

ఇక ఏసీ. ఇందులో నేను సగం అవునంటాను. ఇన్వర్టర్ ఏసీల్లో పోయేవి రెండు: పీసీబీ, కాయిల్ (గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట). కొన్ని కంపెనీలు పీసీబీకి ఐదేళ్లు ఎటూ ఇస్తున్నాయి, ముందు అది చూడండి. కాయిల్ సంగతి ఏరియాని బట్టి ఉంటుంది. మూసీ ఒడ్డున, నాలాల పక్కన ఉండే ఇళ్లలో రాగి కాయిల్ నల్లబడి, సూది మొనంత చిల్లులు పడి గ్యాస్ పోతుంది. మురుగు నుంచి వచ్చే వాయువు రాగిని తినేస్తుంది. మా బావమరిది రామంతాపూర్, అంబర్‌పేట వైపు ఇళ్లకు వెళ్లినప్పుడు ముందు కిటికీలోంచి నాలా ఎంత దూరంలో ఉందో చూస్తాడు, తర్వాతే పానా తీస్తాడు. అలాంటి చోట ఉన్నవాళ్లకు కంపెనీ పొడిగింపు దండగ కాదు. కాకపోతే “కాయిల్ వస్తుందా, గ్యాస్ ఛార్జింగ్ వస్తుందా, తుప్పు వల్ల లీకైతే కూడా వస్తుందా” అని మూడూ రాతపూర్వకంగా అడగండి. గ్యాస్ రాదంటే ప్లానులో పస లేనట్టే. ఎలుక అవుట్‌డోర్ యూనిట్ వైర్లు కొరికితే ఎవరూ ఇవ్వరు, అది మీకూ ఎలుకకీ మధ్య వ్యవహారం.

కరెంటు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వోల్టేజ్ హెచ్చుతగ్గుల వల్ల బోర్డు కాలితే చాలా ప్లానుల్లో రాదు. స్టెబిలైజర్ అక్కర్లేదని రాసిన మోడళ్లకీ ఒక వోల్టేజ్ పరిధి ఉంటుంది, అది దాటితే మీ ఖర్చే. పాత అపార్ట్‌మెంట్లలో ఎర్తింగ్ సరిగా ఉండదు. వచ్చిన టెక్నీషియన్ మొదట మీటర్ పెట్టి ఎర్తుకీ న్యూట్రల్‌కీ మధ్య వోల్టేజ్ కొలుస్తాడు. అది ఎక్కువుంటే జాబ్ షీట్‌లో, అంటే తన తనిఖీ కాగితంలో రాసేస్తాడు, అక్కడితో మీ క్లెయిమ్ నీరుగారిపోతుంది. ఏసీ బిగించే ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించుకోండి.

టీవీ చిన్నదైతే వద్దు. 50 అంగుళాలు దాటితే, కంపెనీదే అయితే, ఆలోచించండి. టీవీలో ప్యానెలే టీవీ. అది పోతే రిపేరు అనే మాట ఉండదు. బ్యాక్‌లైట్, పవర్ బోర్డు అయితే గుజరాతీ గల్లీలో సామాను దొరుకుతుంది, మాలాంటివాళ్లం చేసిపెడతాం.

ఏ వారంటీలోనూ రానిది వరద. 2020 అక్టోబరులో నగరం మునిగినప్పుడు మా షాపు ముందు ఫ్రిజ్‌లు, మెషిన్లు వరసగా పెట్టుకోవాల్సి వచ్చింది, లోపల చోటు లేక. వాటిలో చాలావాటికి వారంటీ నడుస్తూనే ఉంది. ఒక్కదానికీ పైసా రాలేదు, రాదు కూడా. వరద, అగ్నిప్రమాదం లాంటివి ఇంటి బీమా పని. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీ ఇస్తున్నాయి. ఇంటికి బీమా చేయిస్తే అందులో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షల వరకు ఇంట్లో సామానుకి దానంతటదే వర్తిస్తుంది. అద్దెకున్నవాళ్లు సామానుకి మాత్రమే చేయించుకోవచ్చు. పల్లంలో, చెరువు దిగువన ఉన్న కాలనీల వాళ్లు వారంటీ కంటే ముందు దీని గురించి ఆలోచించాలి.

ఎప్పుడు కొనాలి, ఎంతకి

కొన్నరోజే కొనకండి. “ఇప్పుడు తీసుకోకపోతే మళ్లీ రాదు సార్” అని మేం చెప్పేది షాపు ప్లాను గురించి. కంపెనీల పొడిగింపు చాలావరకు మొదటి ఏడాది ముగిసేలోపు ఎప్పుడైనా తీసుకోవచ్చు. ఇంటికెళ్లి కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి “ఎన్నాళ్ల దాకా తీసుకోవచ్చు, రేటు పెరుగుతుందా” అని కనుక్కోండి. పదో నెలలో ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. పది నెలలు వాడితే ఆ వస్తువు రకం తెలిసిపోతుంది. రెండుసార్లు మెకానిక్ వచ్చి వెళ్లాడంటే పొడిగించండి. పలకరించాల్సిన పనే రాలేదంటే వదిలేయండి.

రేటు విషయంలో నాకొక గీత ఉంది: రెండేళ్లకు వస్తువు ధరలో పది శాతం దాటితే వద్దు. ఇది పుస్తకంలోది కాదు, అమ్మిన అనుభవం. దసరా, ఆషాఢం సేల్‌లో కొంటుంటే కడాయి సెట్టు, ట్రాలీ బ్యాగు వద్దని, దాని బదులు కంపెనీ పొడిగింపు ఇమ్మని అడగండి. నెల చివరి రెండు రోజుల్లో ఒప్పుకునే అవకాశం ఎక్కువ, ఎందుకో పైన చెప్పాను.

మా ఇంట్లో ఆరేళ్లుగా వేరే పద్ధతి. మా ఆవిడ నెలకి 200 ఒక పాత పోపుల డబ్బాలో వేస్తుంది. 14,400 అయింది. గీజర్ ఎలిమెంట్‌కి 650, ఫ్రిజ్ రిలే, గ్యాస్‌కి 3,200, మెషిన్ డ్రెయిన్ పంపుకి 1,100 పోగా ఇంకా 9,450 ఉంది. అదే ఫ్రిజ్, మెషిన్, టీవీ, ఏసీ, గీజర్‌లకు ప్లాన్లు కొనుంటే 13,000 పైమాటే అయ్యేది, ఇందులో ఒక్క రిపేరూ వాటి గడువులో పడలేదు. మెకానిక్ ఇల్లు కాబట్టి కూలి కలిసొచ్చిందనుకోండి, మీకు ఇంకో రెండు వేలు పోయేవేమో.

ఒక్క చోట మాత్రం నా లెక్కని నేనే పక్కనపెట్టాను. నల్గొండలో మా అమ్మానాన్న ఇద్దరే ఉంటారు. వాళ్ల ఏసీకి, ఫ్రిజ్‌కి కంపెనీ పొడిగింపు తీసుకున్నాను. నాన్న మెకానిక్ కోసం వీధులు తిరగకుండా, రేటు గురించి ఎవడితోనూ గొడవ పడకుండా ఒక నంబరుకి ఫోన్ చేస్తే చాలు. ఆ 5,000 రిపేరుకి ఇచ్చింది కాదు.

తీసుకున్నాక

బిల్లు ఆరోజే ఫోటో తీసి మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి. షాపుల్లో ఇచ్చే ఆ నున్నటి బిల్లు కాగితం వేడికి మాసిపోతుంది. బీరువాలో రెండేళ్లు దాచి తెల్ల కాగితం తెచ్చి నా చేతిలో పెట్టినవాళ్లున్నారు. వస్తువు వెనక సీరియల్ నంబరు, బిగించిన తేదీ కూడా ఫోటో తీయండి. వారంటీ నడుస్తుండగా మాలాంటి బయటివాళ్ల చేత మూత విప్పించకండి. విప్పితే వారంటీ పోతుంది. అలాంటివాళ్లని మేమే వెనక్కి పంపుతాం.

టెక్నీషియన్ వచ్చినప్పుడు ఖాళీ జాబ్ షీట్ మీద సంతకం పెట్టకండి. కారణం ఏం రాశాడో చదివి, ఫోటో తీసుకుని, ఒప్పుకోకపోతే “కస్టమర్ అంగీకరించలేదు” అని మీ చేత్తోనే రాసి సంతకం చేయండి. వర్తించదంటే ఏ షరతు ప్రకారమో రాసివ్వమనండి. మాటల్లో చెప్పినంత ధైర్యంగా కాగితం మీద రాయరు. కొన్ని క్లెయిములు ఆ ఒక్క ఈమెయిల్‌తోనే తేలిపోయాయి.

అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. దానితో కూడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. గొడవ మొదలైన రెండేళ్లలోపు వేయాలి. ఇప్పుడు ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే దాఖలు చేయొచ్చు. బిల్లు, ప్లాను సర్టిఫికెట్, జాబ్ షీట్, ఈమెయిళ్లు ఉంటే చాలు.

మొన్న శనివారం అక్క ఫ్రిజ్ కొంటానంటే తోడు వెళ్లాను. బిల్లు కౌంటర్ దగ్గర ఇరవై రెండేళ్ల కుర్రాడు, మెడలో ట్యాగు. “మేడమ్, రోజుకి మూడు రూపాయలు కూడా పడదు” అని మొదలుపెట్టాడు. అదే లయ. నేను వేరేవైపు చూస్తూ నిలబడ్డాను. అక్క బ్యాగులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుంది. “సరే నాన్నా, పాడైతే ఇంటికెవరొస్తారు? బాగుకాకపోతే మూడో ఏడు ఎంతిస్తారు, డబ్బా కూపనా?”

“ఒక్క నిమిషం మేడమ్” అని మేనేజర్ దగ్గరికి పరిగెత్తాడు. ఇద్దరూ ఏదో ఫైలు తిరగేస్తుండగానే అక్క ఫ్రిజ్ వరకు డబ్బు కట్టేసి, డెలివరీ ఆదివారం పొద్దున్నే కావాలని బేరం మొదలుపెట్టింది.